“వెనుకటి” గుణమా, “మునుపటి” గుణమా?

ఇర్వింగ్ బాబాయ్: నిన్నటి నుంచి ఒక పాదం బుర్రలో తిరుగుతోంది. అమెరికాలో తుపాకుల వ్యవహారం చూసే ఏటీఎఫ్ అనే ప్రభుత్వ సంస్థకి డైరెక్టరుగా 2022లో అధ్యక్షుడు బైడెన్ డెట్టెల్‌బాక్‌ని ఎంపిక చేసినప్పటి పాత వార్తలు చదువుతున్నా. అటువాళ్లూ ఇటువాళ్లూ ఆయన గతం గురించే. సుమతీ శతకంలోని “కనకపు సింహాసనమున శునకము గూర్చుండబెట్టి శుభలగ్నమునం దొనరగ బట్టము గట్టిన...” గుర్తొచ్చింది. ఆఖరి పాదం “వెనుకటి గుణమేల మాను” అని నేను, “మునుపటి” అని మా ఆవిడ. ఏది కరెక్టు?

గణాల గోపి: వెనుకటి. ప్రాస రెండింటికీ సరిపోతుంది, యతి చూడండి. “వినరా”లో వికి వె కుదురుతుంది, ము కుదరదు. వదినగారికి సారీ చెప్పండి.

బెజవాడ అబ్బాయి: మా తాతయ్య “మానును” అని చదివేవాడు మరి?

గణాల గోపి: ఆ పాదంలో మూడో గణం జగణమో నలమో కావాలి. “ల మాను” జగణం. ఇంకో “ను” తగిలిస్తే కందం కుంటుతుంది. తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నా.

రిటైర్డ్ మాస్టారు: అక్షరం సరే, అర్థం చూశారా? అది నీచుణ్ణి అందలం ఎక్కించడం గురించిన పద్యం. ప్రభుత్వ న్యాయవాదిగా చేసిన ఆ డెట్టెల్‌బాక్‌ని తీసుకెళ్లి శునకం స్థానంలో కూర్చోబెట్టారేం బాబూ?

ఇర్వింగ్ బాబాయ్: అయ్యో, ఆయన్ని అనలేదు మాస్టారూ! “వెనుకటి గుణం” అన్న మాట మీదే నా ధ్యాసంతా. ఈయనకి ముందు, 2021లో అదే పదవికి బైడెన్ ఎంపిక చేసిన చిప్‌మన్ సంగతి చూడండి. ఏటీఎఫ్‌లోనే పాతికేళ్లు ఏజెంటుగా చేసిన మనిషి. వైట్‌హౌస్ ఆ అనుభవాన్ని ముందు పెట్టింది. అవతలివాళ్లు ఆ తర్వాత గిఫర్డ్స్ అనే తుపాకీ నియంత్రణ సంస్థలో పనిచేశాడన్నది పట్టుకుని “తుపాకులు లాక్కునేవాడు” అని ముద్ర వేశారు. సెప్టెంబరులో ఆ పేరు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రెండు వైపులా చూపించింది వెనుకటి గుణమే కదా.

పెట్ థియరీ పంతులు: నాదొక వాదన. “వెనుకటి” అంటే పాతది అనే ఎందుకనుకోవాలి? “వెనుక ఉన్నవాళ్ల” గుణం అనకూడదా? నామినీ వెనుక ఎవరు, సెనేటర్ల వెనుక ఎవరు అన్నదే అక్కడి గొడవంతా.

రిటైర్డ్ మాస్టారు: కూడదు. “వెనుకటి రోజులు” అంటే వీపు వెనక దాక్కున్న రోజులా?

పెట్ థియరీ పంతులు: 😀 సరే, ఒప్పుకోను గానీ ఊరుకుంటా.

డల్లాస్ అమ్మాయి: నాకు “శుభలగ్నము” దగ్గర ఆగాలనిపిస్తోంది. డెట్టెల్‌బాక్ పేరు ప్రకటించింది ఏప్రిల్ 11న, రోజ్ గార్డెన్‌లో. అదే రోజు ఘోస్ట్ గన్ల మీద కొత్త నిబంధన. సీరియల్ నంబరు లేకుండా ఇంట్లో బిగించుకునే తుపాకీ ముక్కల్ని బైడెన్ చేత్తో ఎత్తి చూపించాడు. ముహూర్తం అలా పెట్టుకున్నారు. తీరా సెనేట్ కమిటీ ముందుకు వెళ్లింది మే 25న, ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన మర్నాడు.

గణాల గోపి: అక్కా, ఆ లగ్నంలోనే చాలామంది తప్పు చదువుతారు. “దొనరగ” అనే మాట లేదు. శుభలగ్నమునందు + ఒనరగ.

డల్లాస్ అమ్మాయి: నేను ఉవాల్డే గురించి చెబితే మీకు సంధి కనపడిందా?

గణాల గోపి: నిజమే, సారీ అక్కా.

రిటైర్డ్ మాస్టారు: సంధి అయింది కాబట్టి పట్టము కూడా చూద్దాం. పట్టం అంటే మొదట నుదుటికి కట్టే పట్టీ. ఎవరో ఒకరు కట్టాలి, తనకు తాను కట్టుకునేది కాదు. ఏటీఎఫ్ విషయంలో 2006 నుంచి ఆ ముడికి సెనేట్ చెయ్యి కూడా పడాలి. అందుకే 2022 చివరిదాకా చూస్తే ఆమోదం దొరికింది ఇద్దరికే: 2013లో టాడ్ జోన్స్, తర్వాత ఈయన. మిగతా కాలమంతా...

బెజవాడ అబ్బాయి: ...ఇన్‌ఛార్జిలు! మన యూనివర్సిటీలకి ఇన్‌ఛార్జి వీసీల్లాగా. పేపర్లో “తాత్కాలిక డైరెక్టర్” అని రాస్తారు గానీ ఆఫీసులో ఎవరైనా అలా అంటారా?

ఇర్వింగ్ బాబాయ్: మాట అంటే గుర్తొచ్చింది. 2018లో ఒహాయోలో పోటీ చేసి ఓడినప్పుడు ఈయన అసాల్ట్ వెపన్స్ మీద ఆంక్షలు ఉండాలన్నాడు. “అసాల్ట్ వెపన్ అంటే ఏమిటో చెప్పు” అని సెనేట్లో నిలదీశారు. పోటీ చేసినప్పుడు తాను ఆ మాటని నిర్వచించలేదన్నాడు. మన గ్రూపులో అయితే మూడు వందల కామెంట్లు పడేవి. చివరికి జూలై 12న 48–46తో గట్టెక్కాడు. అవతలి పార్టీ నుంచి కాలిన్స్, పోర్ట్‌మన్ ఇద్దరే కలిశారు.

పెట్ థియరీ పంతులు: ఇద్దరు ఇటు కాకుండా అటు వేసి ఉంటే 46–48. అప్పుడు వెనుకటి గుణం పాడుగాను అనుకునేవాళ్లు. ఏదైనా వేమన ఒక్క మాటలో తేల్చేవాడు, “కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా” అని. రెండు పార్టీల మైకులకీ సరిపోతుంది.

రిటైర్డ్ మాస్టారు: వేమన్న కంచు చప్పుడు అల్పుడి ఆడంబరం గురించి. దాన్నిక్కడికి లాక్కురావడం నాకు నచ్చలేదు.

పెట్ థియరీ పంతులు: మాస్టారూ, నాకూ “లాక్కునేవాడు” అని ముద్ర వేస్తున్నారా?

ఇర్వింగ్ బాబాయ్: మా ఆవిడ ఇప్పుడే చదివింది. మునుపటి కాదని ఒప్పుకుంది. కానీ తమ ఇంట్లో పుస్తకంలో “వెనుకటి” కాదు, “వెనకటి” అని అచ్చయిందట.

గణాల గోపి: రెండింటికీ నాలుగు లఘువులే. గణాలతో తేలదు. పేజీ ఫోటో పెట్టించండి.

ఇర్వింగ్ బాబాయ్: పుస్తకం ఒంగోల్లో అటక మీద ఉంది. మామగారిని ఈ వయసులో నిచ్చెన ఎక్కించమంటావా?