‘ట్రెజర్ చెస్ట్’లో కమ్యూనిజం బొమ్మకథ: పిల్లలకు చూపించాలా, పక్కన పెట్టాలా?

నీలిమేఘం:
అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. ఆదివారం పూజ అయ్యాక మన తెలుగు పిల్లలు పదిమందికి జ్ఞానోపదేశం చెబుతుంటాను. పునీతుల (సెయింట్ల) జీవితాలు బొమ్మలతో కావాలని వెతుకుతుంటే ‘ట్రెజర్ చెస్ట్’ అనే పాత పత్రిక దొరికింది. మా రాష్ట్రంలోనే, డేటన్ నుంచి ఫ్లామ్ అనే ప్రచురణ సంస్థ 1946లో మొదలుపెట్టి 1972 దాకా నడిపింది. కాథలిక్ బడుల ద్వారా నేరుగా పిల్లల చేతికి అందేదట. వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ వాళ్లు ఆ సంచికలను స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు.

తెరిస్తే మూయబుద్ధి కాలేదు. ఓ పునీతుడి కథ, ఓ సైన్స్ పాఠం, ఆటగాళ్ల కబుర్లు, చక్ వైట్ అనే కుర్రాడి సీరియల్, అన్నీ ఒక్క సంచికలోనే. మా పెద్దవాడికి పదకొండేళ్లు. రెండు వారాలు అన్నం దగ్గర కూడా అవే చదివాడు. అలా చదువుతూ 1961 సంచికల దగ్గరికొచ్చాడు. అక్కడ ‘దిస్ గాడ్‌లెస్ కమ్యూనిజం’ అనే సీరియల్ మొదలవుతుంది. దేవుణ్ణి కాదనే కమ్యూనిజం అన్నమాట. ముందు ఎఫ్‌బీఐ డైరెక్టర్ జె. ఎడ్గార్ హూవర్ మాట ఉంటుంది. తర్వాత, అమెరికా కమ్యూనిస్టుల చేతికి పోతే మామూలు కుటుంబం గతి ఏమవుతుందో బొమ్మల్లో చూపిస్తారు. ఆ రాత్రి వాడు నా పక్కన చేరి, “అమ్మా, మన గుడి కూడా మూసేస్తారా?” అన్నాడు.

అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. మిగతా పిల్లలకు ఈ పత్రిక మొత్తం ఇవ్వనా? ఆ భాగాలు తీసేసి ఇవ్వనా?

కృష్ణాతీరం:
తీసేయండమ్మా. మా తాతగారు కమ్యూనిస్టు పార్టీ మనిషి, జైలుకు వెళ్లొచ్చారు. ఇంట్లో ఎవరి మీదా చెయ్యి ఎత్తి ఎరగరు. ఆయనలాంటి వాళ్లందరినీ రాక్షసులుగా చూపించే బొమ్మలు పసిపిల్లల ముందు పెట్టడం న్యాయం కాదు. పెద్దలకు వాదన చెబితే తిప్పికొడతారు. పదేళ్ల పిల్లకు బొమ్మ చూపిస్తే కలలోకి వస్తుంది. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నే సాక్ష్యం.

బొమ్మలపెట్టె:
ఆ బొమ్మలు వేసింది రీడ్ క్రాండల్. ఆ చేతిని గుర్తుపడితే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 1950ల మొదట్లో ఆయన ఈసీ కామిక్స్‌కు వేసేవాడు. హారర్ కథలకు పేరుమోసిన కంపెనీ అది. 1954లో పిల్లల్ని కామిక్స్ చెడగొడుతున్నాయని అమెరికన్ సెనేట్ ఉపసంఘం విచారణ పెట్టింది, ఈసీ యజమాని విలియం గెయిన్స్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. ఆ ఏడే కామిక్స్‌లో ఏం ఉండకూడదో చెప్పే ‘కామిక్స్ కోడ్’ నియమావళి వచ్చింది, ఈసీ హారర్ పత్రికలు మూతపడ్డాయి, చిత్రకారులకు పనిపోయింది. అంతకుముందు 1948లో కొన్ని ఊళ్లలో, కాథలిక్ బడుల ఆవరణల్లో కూడా, కామిక్స్ కుప్పపోసి తగలబెట్టారు.

అలాంటి రోజుల్లో కాథలిక్ బడి పిల్లల కోసం నడిచే పత్రిక ఆ చిత్రకారులకు పని ఇచ్చింది. క్రాండల్ ఒక్కడే కాదు, ఈసీలో శవాలూ సమాధులూ వేసిన గ్రాహం ఇంగెల్స్ కూడా ఇక్కడ వేశాడు. భయం పుట్టించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఖాళీ వీధి, తలుపు దగ్గర నీడ, తల్లి ముఖంలో దిగులు. ఇవన్నీ క్రాండల్‌కు కొట్టినపిండి. కాబట్టి బాబు భయపడ్డాడంటే అందులో రాజకీయం ఎంత ఉందో బొమ్మ గీసిన తీరు కూడా అంతే ఉంది. నా మటుకు నేను, ఒక్క పేజీ కూడా తీసేయొద్దంటాను. అవి గొప్ప బొమ్మలు.

కృష్ణాతీరం:
గొప్ప బొమ్మలు కాబట్టే జాగ్రత్త కావాలి బ్రదర్. బొమ్మ నాసిగా ఉంటే నేనసలు మాట్లాడేవాణ్ణే కాదు.

చాక్‌పీస్:
ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తల్లీ, ముందు మీ అబ్బాయి అడిగినదానికి జవాబు చెప్పుకుందాం. గుళ్లు మూసేయడం హూవర్ కల్పన కాదు. ఉక్రెయిన్‌లో గ్రీకు కాథలిక్ సంఘాన్ని 1946లో సోవియట్ ప్రభుత్వం రద్దు చేసింది, దాని మేత్రాణుల్ని (బిషప్పుల్ని) జైళ్లలో పెట్టింది. హంగరీలో కాథలిక్ సంఘం పెద్ద కార్డినల్ మిండ్సెంతికి 1949లో యావజ్జీవ శిక్ష వేశారు. 1956 తిరుగుబాటులో బయటపడి బుడాపెస్ట్‌లోని అమెరికన్ రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు. 1971 దాకా గడప దాటలేదు. 1961లో మీ ఒహాయో బడుల్లో హంగరీ, స్లొవాకియా, ఉక్రెయిన్ల నుంచి వచ్చిన ఇళ్ల పిల్లలు బోలెడంత మంది. బెర్లిన్ గోడ లేచింది ఆ ఆగస్టులోనే. ఆ బొమ్మలు చూసి ఆ పిల్లల అమ్మమ్మలు “అబద్ధం” అని ఉండరు.

అయినా ఆ సీరియల్ మీద నాకూ ఒక ఫిర్యాదు ఉంది. చివరికి పిల్లవాడు ఏమనుకోవాలో మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. తర్వాత మార్క్స్, లెనిన్, స్టాలిన్ ఎవరొచ్చినా ముందే తేలిపోయిన తీర్పుకు సాక్షులుగానే వస్తారు. పిల్లవాడు తనంతట తాను ఆలోచించి తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. బడిలో అలాంటి పాఠం చెబితే పిల్లలు మార్కులు తెచ్చుకుంటారు గానీ ప్రశ్న వేయరు.

ఇప్పుడు అదే పత్రికలో 1964 సంచికలు తీయండి. ‘పెట్టిగ్రూ ఫర్ ప్రెసిడెంట్’. రాసింది బెర్రీ రీస్, బొమ్మలు జో సినాట్. కథ జరిగేది 1976లో. టిమ్ పెట్టిగ్రూ అనే గవర్నరు అధ్యక్ష పదవికి పోటీలో దిగుతాడు. నెలల తరబడి అతని తెలివీ మంచితనమూ చూస్తాం గానీ ముఖం మాత్రం కనిపించదు. వీపు, చెయ్యి, గుంపు వెనక నుంచి మాట. ఆఖరి భాగంలో ముఖం చూపిస్తారు. నల్లజాతి మనిషి. అప్పటికి పిల్లవాడు మనసులో ఓటు వేసేసి ఉంటాడు. ఆ సీరియల్ జనవరి చివర మొదలై జూన్ దాకా నడిచింది. సరిగ్గా ఆ నెలల్లోనే, నల్లవాళ్లపై వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లును సెనేట్‌లో దక్షిణాది సభ్యులు రోజుల తరబడి ప్రసంగాలతో అడ్డుకుంటున్నారు. జూలై 2న అది చట్టమైంది. 1964లో పదేళ్ల పిల్లకు 1976లో ఇరవై రెండేళ్లు వస్తాయి, అంటే నిజంగా ఓటేసే వయసు. రచయిత ఎంత లెక్క చూసి రాశాడో అని ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మంచుపూలు:
ఆఖరి ముఖం సంగతి ముందే చెప్పేశారు మాస్టారూ! నేనింకా మూడో భాగంలో ఉన్నాను.

చాక్‌పీస్:
అయ్యో, క్షమించమ్మా. మిగతా భాగాలు మాత్రం ఆపకుండా చదువు, ముఖం ఎన్ని రకాలుగా దాచారో చూడు.

కృష్ణాతీరం:
మాస్టారూ, పెట్టిగ్రూ గొప్ప కథే, ఒప్పుకుంటున్నాను. 2008లో ఒబామా గెలుపు వేళ దాన్ని మళ్లీ గుర్తుచేసుకున్నారు కూడా. అయితే ఒక మంచి కథ ఉందని ఇంకో కథకు మాఫీ ఇవ్వలేం.

మీ మాటలతో నాకొకటి గుర్తొచ్చింది, ఇక్కడ చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. మా ఇంట్లో అటక మీద ఓ ట్రంకుపెట్టె ఉండేది. అందులో మాస్కోలో తెలుగులోనే అచ్చైన పిల్లల పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణలు. విజయవాడలోని విశాలాంధ్ర పుస్తకాల షాపులో తాతగారు కొని తెచ్చేవారు. నున్నటి కాగితం, అందమైన బొమ్మలు, చవక. వాటితోనే నాకు చదవడం అబ్బింది. మా ఇంట్లో ఉన్నవాటిలో నాకు గుర్తున్నంతవరకు ఒక్క జైలూ లేదు. మూసేసిన గుడీ లేదు, క్యూలో నిలబడ్డ తల్లీ లేదు. నాకూ ఎవరో ముందే తేల్చిపెట్టిన లోకాన్నే చూపించారు. అది మంచు, ఎలుగుబంట్లు, దయగల తాతయ్యలతో ఉండేది కాబట్టి నాకు భయం వేయలేదు. భయం వేయలేదు గనుక ప్రశ్నా రాలేదు. ఈ సంగతి ఇది రాస్తుంటేనే తట్టింది.

బొమ్మలపెట్టె:
అన్నా, ఈ మాటకు దండం. మీ అబ్బాయి అడిగాడండీ నీలిమేఘం గారూ. క్రాండల్ బొమ్మ అడిగించింది.

చాక్‌పీస్:
అడిగాడు సరే, పక్కన తల్లి ఉంది కాబట్టి జవాబు దొరుకుతుంది. 1961లో అదే పేజీ చూసి ఎవరినీ అడగలేక దుప్పటి ముసుగుతన్నిన పిల్లలు ఎందరో. పెద్దలు పక్కన కూర్చోకుండా ఆ సీరియల్ ఇవ్వకూడదన్నదే నా మాట. పునీతుల కథలకు ఆ షరతు అక్కర్లేదు.

నీలిమేఘం:
అందరికీ కృతజ్ఞతలు. వాడికి నిన్న మిండ్సెంతి గారి కథ చెప్పాను. “పదిహేనేళ్లు ఒకే బిల్డింగ్‌లోనా?” అని ఆశ్చర్యపోయాడు. భయం మాత్రం తగ్గింది. పేరూ ఊరూ తెలిసేసరికి అది కలలోంచి చరిత్రలోకి వచ్చినట్టయింది.

పేజీలు తీసేయను. ముందు పెట్టిగ్రూ, ఆదివారానికి ఒక భాగం చొప్పున, ముఖం గురించి ఎవరూ నోరు జారకుండా. అది అయ్యాకే 1961 సీరియల్, అదీ నేను పక్కన కూర్చుని. కృష్ణాతీరం గారూ, ఒక్క సాయం చేస్తారా? అదే కాలంలో అవతలి పక్క పిల్లలకు ఏం చూపించారో కూడా మా పిల్లలు చూడాలి. మీ ట్రంకుపెట్టె పుస్తకాల్లో ఒకటి రెండు పేజీలు పంపగలరా?

కృష్ణాతీరం:
పంపుతానమ్మా. అట్టలు ఊడాయి, చెదలు కొంచెం తిన్నాయి, బొమ్మలు మాత్రం బాగానే ఉన్నాయి. తాతగారు ప్రతి పుస్తకం మొదటి పేజీలో నా పేరు రాసేవారు. ఆ పేజీతో సహా స్కాన్ చేసి శనివారం లోపు పెడతాను.