ఎస్‌ఎంఎస్‌లో పంపే ప్రైవేటు రిపోర్టు లింకు రెఫరర్ ద్వారా బయటి సైటుకు చేరుతోంది: ఎక్కడ ఆపాలి?

కృష్ణలంక_కోడర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలోని ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్ కోసం మేము ముగ్గురం కలిసి రాసిన వెబ్ అప్లికేషన్‌లో గత వారం నా కంటపడిన ఒక విషయం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. కాస్త వివరంగా రాస్తున్నాను, దయచేసి ఓపికగా చదవండి.

పరీక్ష పూర్తి కాగానే రోగి ఫోనుకు ఒక ఎస్‌ఎంఎస్ వెళుతుంది. అందులోని లింకు చివర 32 అక్షరాల టోకెన్ (తాళంచెవిలా పనిచేసే రహస్య అక్షరాల వరుస) ఉంటుంది. దాన్ని నొక్కితే లాగిన్ అడగకుండానే రిపోర్టు తెరుచుకుంటుంది. వయసు మళ్లినవారు పాస్‌వర్డులతో, ఓటీపీలతో ఇబ్బంది పడతారని ల్యాబ్ యజమాని పట్టుబట్టడంతో ఈ పద్ధతికి ఒప్పుకున్నాం. అంత పొడవైన టోకెన్‌ను ఊహించి కనుక్కోవడం ఎవరి తరమూ కాదు కాబట్టి భద్రతకు లోటు లేదనే అనుకున్నాం.

రిపోర్టు పేజీ అడుగున మధుమేహం ఉన్నవారి ఆహార నియమాలను వివరించే మరో సైటుకు లింకు ఇచ్చాం. ఆ సైటు సర్వర్‌ను చూసుకునేది కూడా నేనే. మొన్న మంగళవారం అక్కడ ఒక పేజీ నెమ్మదిగా వస్తోందని చెబితే ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) యాక్సెస్ లాగ్, అంటే వచ్చిన ప్రతి అభ్యర్థననూ నమోదు చేసే ఫైలు, తెరిచాను. ఒక వరుసలో ఐపీ చిరునామా, సమయం, అడిగిన పేజీ, 200 అనే స్థితి సంఖ్య, ఆ తరువాత కొటేషన్ గుర్తుల మధ్య రెఫరర్‌గా (లింకు నొక్కినప్పుడు ఏ పేజీ నుంచి వచ్చామో బ్రౌజర్ అవతలి సైటుకు చెప్పే చిరునామా) మా ల్యాబ్ రిపోర్టు చిరునామా కనిపించింది. టోకెన్‌లో చివరి అక్షరం కూడా పోకుండా మొత్తం ఉంది. దాన్ని కాపీ చేసి ప్రైవేటు విండోలో అతికించగానే ఒక పెద్దావిడ పేరు, వయసు, హెచ్‌బీఏ1సీ (మధుమేహ పరీక్ష) విలువతో సహా రిపోర్టు తెరుచుకుంది. వెంటనే మూసేశాను. అటువంటి వరుసలు ఆ లాగ్‌లో ఇంకా ఉన్నాయి.

నాకు అంతుబట్టనిది ఇది. మేము వాడుతున్నది జాంగో 4.2 (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్). అందులో రెఫరర్-పాలసీ హెడర్ (రెఫరర్‌ను ఎంతవరకు పంపాలో పేజీతో పాటు సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే వరుస) విలువ ఎవరూ మార్చకపోతే ‘సేమ్-ఆరిజిన్’ (సొంత సైటు లోపలే పంపు) గానే ఉంటుంది, మేము మార్చలేదు. పైగా క్రోమ్ 2020లో వచ్చిన 85వ వెర్షన్ నుంచి, ఫైర్‌ఫాక్స్ 2021లో వచ్చిన 87వ వెర్షన్ నుంచి వేరే సైటుకు డొమైన్ వరకే పంపుతాయని చదివాను. మరి ఈ రెండింటినీ దాటుకుని మొత్తం చిరునామా ఎలా వెళ్లింది? ఇంకొక ఇబ్బంది కూడా ఉంది: చాలామంది రోగులు అదే లింకును తమ వైద్యుడికి వాట్సాప్‌లో పంపుతారు కాబట్టి, ఒక్కసారి తెరవగానే లింకు చెల్లకుండా పోయే ఏర్పాటు మాకు కుదరదు.

సర్వర్_కాపరి (సమాధానం)

కారణం వెదకడానికి ముందు ఒక పని చేయండి. ఇప్పటిదాకా పంపిన టోకెన్లన్నిటినీ ఈ రోజే రద్దు చేసి, రోగులకు కొత్త లింకులు పంపండి. ఆ ఆహార సైటు మీ చేతిలో ఉంది కాబట్టి మీకు తెలిసింది. మీ పేజీ నుంచి ఇంకెక్కడికి లింకులు ఉన్నాయో, అక్కడి లాగ్‌లను ఎవరు చూస్తున్నారో మీరు తెలుసుకోలేరు, వాటిలోంచి తుడిచేయనూ లేరు. 2014 మే నెలలో ఫైళ్లు దాచి పంచుకునే సేవ డ్రాప్‌బాక్స్‌కు ఇదే పరిస్థితి ఎదురైంది. పంచుకున్న పత్రంలో ఉన్న బయటి లింకును ఎవరైనా నొక్కినప్పుడు, ఆ పత్రం రహస్య లింకే రెఫరర్‌గా బయటి సైటుకు చేరుతోందని తేలింది. అప్పుడు ఆ సంస్థ ప్రమాదంలో ఉన్న పాత లింకులను పనిచేయకుండా ఆపింది. వాడుకరులకు అసౌకర్యమే అయినా, తప్పించుకోలేని పని అది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. జాంగో సరైన హెడరే పంపుతోందన్న మీ మాట నిజమే అయి ఉంటుంది. అయితే జాంగోకు, బ్రౌజర్‌కు మధ్య ఎన్‌జిన్‌ఎక్స్ ఉంది కదా, దాని కాన్ఫిగరేషన్ చూశారా? చాలా సర్వర్లలో ఎప్పుడో, ఎక్కడి నుంచో కాపీ చేసిన ‘భద్రతా హెడర్ల’ వరుసలు నాలుగైదు ఉంటాయి. వాటిలో రెఫరర్-పాలసీకి ‘నో-రెఫరర్-వెన్-డౌన్‌గ్రేడ్’ అనే విలువ ఉండటం నేను చాలాచోట్ల చూశాను. ఒకప్పుడు బ్రౌజర్ల సహజ ప్రవర్తన అదే: హెచ్‌టీటీపీఎస్ నుంచి మామూలు హెచ్‌టీటీపీకి వెళ్లేటప్పుడు మాత్రమే రెఫరర్‌ను ఆపి, హెచ్‌టీటీపీఎస్ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లేటప్పుడు మొత్తం చిరునామాను పంపించేవి. నేడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉన్నాయి కాబట్టి ఆ విలువ ఆపేది దాదాపు ఏమీ లేదు.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో యాడ్_హెడర్ అనే ఆదేశం, వెనుక నుంచి వచ్చిన హెడర్‌ను మార్చదు. దాని తరువాత మరొకటి చేరుస్తుంది. అప్పుడు బ్రౌజర్‌కు రెఫరర్-పాలసీ రెండుసార్లు అందుతుంది. నియమం ప్రకారం బ్రౌజర్ తనకు అర్థమైన విలువల్లో చివరిదాన్ని పాటిస్తుంది. అంటే జాంగో చెప్పిన ‘సేమ్-ఆరిజిన్’ పక్కకు పోయి, ఆ పాత వరుస నెగ్గుతుంది. బ్రౌజర్ తనంతట తాను చేసే కత్తిరింపు కూడా సైటు ఏ పాలసీ చెప్పనప్పుడే వర్తిస్తుంది. మీ సర్వరే ‘మొత్తం పంపు’ అని చెప్పాక మామూలు క్రోమ్ ఆ మాటే వింటుంది. టెర్మినల్‌లో కర్ల్ అనే ఆదేశంతో హెడర్లు మాత్రమే తెప్పించుకుని చూడండి, అదే వరుస రెండుసార్లు కనిపిస్తే విషయం తేలినట్టే.

లాగ్‌లలో, కోడ్‌లో వెదికేటప్పుడు మరొక సంగతి గుర్తుంచుకోండి. బ్రౌజర్ పంపే హెడర్ పేరు ఇంగ్లిషులో ఒక ‘ఆర్’ తగ్గి తప్పు స్పెల్లింగుతో ఉంటుంది; హెచ్‌టీటీపీని వివరించిన 1996 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1945లో పడిన ఆ తప్పు నేటికీ అలాగే కొనసాగుతోంది. సర్వర్ పంపే పాలసీ హెడర్‌కు మాత్రం సరైన స్పెల్లింగే పెట్టారు. ఒకదాని స్పెల్లింగుతో వెదికితే రెండోది దొరకదు.

ఓరుగల్లు_వెబ్ (సమాధానం)

కాపరి గారు చెప్పినది సరైనదే, కాని హెడర్ సరిచేసి అక్కడితో ఊరుకోవద్దని మనవి. మీ రిపోర్టు పేజీలో ల్యాబ్‌కు దారి చూపే మ్యాపు ఉందా? మ్యాపు సేవల నుంచి కాపీ చేసుకునే ఐఫ్రేమ్ (మన పేజీలో మరో సైటును చూపే చట్రం) కోడ్‌లో రెఫరర్‌పాలసీ అనే ఆట్రిబ్యూట్ ముందే రాసి ఉండవచ్చు, దాని విలువ కూడా ఆ పాత ‘నో-రెఫరర్-వెన్-డౌన్‌గ్రేడ్’ కావచ్చు. పేజీ మొత్తానికి మీరు ఎంత కఠినమైన పాలసీ పెట్టినా, ఆ ఒక్క ఐఫ్రేమ్ విషయంలో దాని ఆట్రిబ్యూట్ మాటే చెల్లుతుంది. టెంప్లేట్లలో ఆ పదం ఎక్కడెక్కడ ఉందో వెదికి తీసేయండి.

రెండవది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. సందర్శకుల లెక్క కోసం, తప్పుల నమోదు కోసం పేజీలో చేర్చే బయటి స్క్రిప్టులకు రెఫరర్ అవసరమే లేదు. అవి మీ పేజీ లోపలే నడుస్తాయి కాబట్టి, చిరునామా పట్టీలో ఏముందో నేరుగా చదివి, తమ సర్వర్‌కు పంపే సమాచారంలో చేర్చుకుంటాయి. రెఫరర్-పాలసీలో ఏ విలువ రాసినా దీన్ని ఆపలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ సంగతి 2015 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్, ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ బయటపెట్టాయి: వయసు, ఆదాయం, పొగ తాగే అలవాటు, గర్భం వంటి వివరాలు పేజీ చిరునామాలోనే ఉండటంతో, ఆ పేజీలో ఉన్న ప్రకటనల, విశ్లేషణల కంపెనీలకు అవి చేరిపోయాయి. అక్కడ ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. చిరునామాలో ఉండకూడనిది ఉండటమే జరిగిన తప్పు.

కాబట్టి టోకెన్‌ను చిరునామా పట్టీలో నిలవనివ్వకండి. ఎస్‌ఎంఎస్ లింకుకు సర్వర్ ఏ పేజీనీ చూపించకూడదు. టోకెన్ సరైనదో కాదో చూసి, ఆ రిపోర్టుకు మాత్రమే పరిమితమైన ఒక సెషన్ కుకీ (బ్రౌజర్ దాచుకుని అభ్యర్థనలతో తిరిగి పంపే గుర్తు) ఇచ్చి, టోకెన్ లేని శుభ్రమైన చిరునామాకు 302 అనే స్థితి సంఖ్యతో రీడైరెక్ట్ చేయాలి, అంటే దారి మళ్లించాలి. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది: రీడైరెక్ట్ చేసిన చిరునామా ఎన్నడూ పేజీగా తెరుచుకోదు కాబట్టి అది ఎవరికీ రెఫరర్‌గా వెళ్లదు, ఏ స్క్రిప్టూ దాన్ని చదవలేదు. జాంగో కూడా 1.11 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకునే లింకుకు ఇదే చేస్తోంది: టోకెన్‌ను సెషన్‌లో దాచి, ‘సెట్-పాస్‌వర్డ్’ అనే పదంతో ముగిసే చిరునామాకు పంపిస్తుంది. ఆ వ్యూ కోడ్ తెరిచి చదవండి, మీకు కావలసినది దాదాపు అక్కడే ఉంది. జావాస్క్రిప్టుతో చిరునామాను తరువాత మార్చే పద్ధతిని కొందరు సూచిస్తారు గాని, అది నడిచేలోపే పేజీ తలభాగంలోని ఫాంట్లు, స్క్రిప్టుల కోసం అభ్యర్థనలు వెళ్లిపోయి ఉంటాయి.

కుకీకి సేమ్‌సైట్ (వేరే సైటు నుంచి వచ్చినప్పుడు కుకీ వెళ్లాలో వద్దో చెప్పేది) విలువ ‘లాక్స్’ పెట్టండి. ‘స్ట్రిక్ట్’ పెడితే, వెబ్‌మెయిల్ వంటి వేరే సైటు నుంచి లింకు నొక్కినప్పుడు రీడైరెక్ట్ తరువాతి అభ్యర్థనతో కుకీ వెళ్లదు, రోగికి ఖాళీ పేజీ కనిపిస్తుంది.

వైద్యుడికి పంపే విషయం. చిరునామా పట్టీలోంచి కాపీ చేసిన శుభ్రమైన లింకు వైద్యుడి ఫోనులో తెరుచుకోదు కాబట్టి, పేజీలో ‘వైద్యుడికి పంపండి’ అని ఒక మీట పెట్టి, దాన్ని నొక్కినప్పుడు వారం రోజులే పనిచేసే వేరే టోకెన్‌తో కొత్త లింకు తయారుచేయండి. అసలు ఎస్‌ఎంఎస్ లింకును ఫార్వర్డ్ చేసినా అది గడువు లోపల పనిచేస్తుంది, ఇబ్బంది లేదు. ఒక్కసారికే చెల్లే టోకెన్ వద్దన్న మీ నిర్ణయం మరో కారణం చేత కూడా మంచిది: వాట్సాప్ ప్రివ్యూ కోసమో, మెయిల్ భద్రతా తనిఖీ కోసమో ఏదో ఒక యంత్రం మనిషి కంటే ముందే లింకును తెరుస్తుంది.

కృష్ణలంక_కోడర్

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కాపరి గారు ఊహించినట్టే జరిగింది: కర్ల్‌తో చూస్తే రెఫరర్-పాలసీ రెండుసార్లు ఉంది, రెండోది 2018లో మా పాత సర్వర్ నుంచి తెచ్చుకున్న ఎన్‌జిన్‌ఎక్స్ ఫైలులోది. టోకెన్లన్నీ నిన్న రాత్రే రద్దు చేశాం. మ్యాపు ఐఫ్రేమ్‌లోనూ ఆ ఆట్రిబ్యూట్ దొరికింది.

అయితే భయంతో నేను అన్నిటికంటే కఠినమైన ‘నో-రెఫరర్’ పెట్టగానే, ల్యాబ్ సిబ్బంది రిపోర్టులు అప్‌లోడ్ చేసే ఫారం 403 (తిరస్కరణ)తో, సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైటు మన వాడుకరి పేరుతో దొంగ ఫారం పంపే దాడి) తనిఖీ తప్పుతో ఆగిపోయింది. హెడర్ తీసేస్తే పనిచేస్తోంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి?

గోదారి_గట్టు (సమాధానం)

సంబంధం ఉంది. ఫారం తన సొంత సైటు నుంచే వచ్చిందని నిర్ధారించుకోవడానికి జాంగో 4.0 నుంచి మొదట ఆరిజిన్ హెడర్‌ను (అభ్యర్థన ఏ సైటు నుంచి వచ్చిందో చెప్పేది) చూస్తుంది. అది లేకపోతే, హెచ్‌టీటీపీఎస్ మీద రెఫరర్‌ను చూస్తుంది. ‘నో-రెఫరర్’ పెట్టిన పేజీ నుంచి ఫారం పోస్ట్ చేసినప్పుడు బ్రౌజర్ రెఫరర్‌ను ఆపడమే కాక, ఆరిజిన్ హెడర్‌లో డొమైన్‌కు బదులు ‘నల్’ అనే పదాన్ని పంపుతుంది. అది మీ డొమైన్‌తో సరిపోలదు కాబట్టి జాంగో తిరస్కరిస్తుంది. సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీని మాత్రం దయచేసి తీసేయవద్దు, ఒక రంధ్రం పూడ్చబోయి ఇంకొకటి తవ్వినట్టవుతుంది.

మీకు కావలసినది ‘సేమ్-ఆరిజిన్’: మీ సైటు లోపల రెఫరర్ మామూలుగా వెళుతుంది, బయటికి ఏమీ వెళ్లదు. బ్రౌజర్లు తమంతట తాము పాటించే ‘స్ట్రిక్ట్-ఆరిజిన్-వెన్-క్రాస్-ఆరిజిన్’ కంటే మీకు ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అది డొమైన్ పేరునైనా బయటికి పంపుతుంది. వార్తల సైటుకు దానివల్ల నష్టం లేదు గాని, సంతాన సాఫల్య కేంద్రానికో క్యాన్సర్ ఆసుపత్రికో సంబంధించిన డొమైన్ అయితే ఆ పేరు ఒక్కటే రోగి సంగతి చెప్పేస్తుంది. ఉపడొమైన్ కూడా వేరే ఆరిజిన్ కిందికే వస్తుందని గమనించండి.

జాంగో ఎలాగూ ఆ విలువే పంపుతుంది కాబట్టి ఎన్‌జిన్‌ఎక్స్ ఫైలులో ఆ వరుసను పూర్తిగా తొలగించడం మంచిది. అక్కడే ఉంచాలనుకుంటే రెండు చిక్కులున్నాయి: ఏదైనా లొకేషన్ బ్లాకులో (కొన్ని చిరునామాలకే వర్తించే అమరికల భాగం) ఒక్క యాడ్_హెడర్ రాసినా పై బ్లాకులోని యాడ్_హెడర్లు ఆ లొకేషన్‌కు రావు, ‘ఆల్వేస్’ అనే పదం చేర్చకపోతే 403, 404, 502 వంటి పేజీలకు హెడర్ అసలే వెళ్లదు.

మరొక చోటు మిగిలి ఉంది, అది మీ సొంత లాగ్. ఎస్‌ఎంఎస్ లింకు మొదటి అభ్యర్థన మీ ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో టోకెన్‌తో సహా నమోదవుతుంది. ఆ ఒక్క లొకేషన్‌కు యాక్సెస్ లాగ్ ఆపి, ఎవరు ఎప్పుడు తెరిచారన్నది టోకెన్ లేకుండా జాంగోలో రాసుకోండి. డేటాబేస్‌లో కూడా టోకెన్‌ను కాక దాని హ్యాష్‌ను (వెనక్కి మార్చలేని సంకేత రూపం) ఉంచండి.

కృష్ణలంక_కోడర్

చెప్పినవన్నీ చేశాం. రిపోర్టు పేజీ నుంచి లెక్కల స్క్రిప్టును తీసేశాం, ఫాంట్లను మా సర్వర్ నుంచే ఇస్తున్నాం, మ్యాపు స్థానంలో మామూలు చిరునామా రాశాం. సిబ్బంది ఫారం పనిచేస్తోంది. ఈ ఉదయం నా ఫోనులో కొత్త ఎస్‌ఎంఎస్ లింకు తెరిచి, అడుగున ఉన్న ఆహార నియమాల లింకు నొక్కి, అటువైపు లాగ్ చూశాను. ఇంతకుముందు టోకెన్ కనిపించిన చోట, కొటేషన్ గుర్తుల మధ్య ఒక చిన్న అడ్డగీత మాత్రమే ఉంది. ఆ సర్వర్‌లో కుదించి దాచిన పాత లాగ్ ఫైళ్లలోనూ, వాటి బ్యాకప్‌లోనూ ఆ వరుసలు ఇంకా ఉన్నాయి; టోకెన్లు చెల్లకపోయినా వాటిని అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఈ సాయంత్రం వాటిని తొలగిస్తాను. ఎవరెవరి లింకులు అందులో ఉన్నాయో జాబితా తీసి ల్యాబ్ యజమానికి ఇచ్చాను. వారికి తానే ఫోను చేసి జరిగింది చెబుతానన్నారు.