సర్వర్ బూట్ ఆర్డర్‌లో ఫస్ట్ ఏది ఉండాలి: నెట్‌వర్కా, డిస్కా?

రాత్రిషిఫ్ట్:
మా టీమ్‌లో రెండు వారాలుగా ఇదే గొడవ. కొత్త సర్వర్లన్నింటికీ పిక్సీ బూట్ (పీఎక్స్ఈ, అంటే నెట్‌వర్క్ నుంచి లేవడం) ఫస్ట్ పెట్టేసి వదిలేద్దాం, ఇన్‌స్టాల్ చేయాల్సి ఉంటే మెషీన్లకి ఓఎస్ ఎక్కించే ప్రొవిజనింగ్ సర్వర్ చూసుకుంటుంది, లేకపోతే అదే లోకల్ డిస్క్‌కి పంపేస్తుంది అని సగం మంది అంటున్నారు. నేను మాత్రం డిస్కే ఫస్ట్ అంటున్నా. కిందటి నెల పవర్ పోయి వచ్చినప్పుడు ర్యాక్ మొత్తం ఒకేసారి లేచింది, స్విచ్ ఇంకా పైకి రాలేదు, డీహెచ్‌సీపీతో ఐపీ అడ్రస్‌లు ఇచ్చే వీఎమ్ (వర్చువల్ మెషీన్) కూడా ఆ ర్యాక్‌లోనే ఉంది. ఒక్కో సర్వర్‌కి నాలుగు పోర్టులు, ఒక్కో పోర్టుకి ఐపీవీ4 ఒకసారి ఐపీవీ6 ఒకసారి, అంటే ఎనిమిది టైమౌట్లు అయ్యాకే డిస్క్ వంతు. రిమోట్ కన్సోల్‌లో ‘స్టార్ట్ పీఎక్స్ఈ ఓవర్ ఐపీవీ4’ అన్న లైన్ చూస్తూ కూర్చున్నా. డిస్కులో ఓఎస్ శుభ్రంగా ఉంది, అయినా లేవదు!

ప్రొవిజన్‌పక్షం:
అన్నా, అక్కడ తప్పు పిక్సీది కాదు, డీహెచ్‌సీపీని అదే ర్యాక్‌లో పెట్టడం. వాడని పోర్టుల్లో పిక్సీ ఆపేసి, ఐపీవీ6 అక్కర్లేకపోతే అదీ ఆపేస్తే ఎనిమిది టైమౌట్లు ఒక్కటవుతాయి. మాస్ (MAAS) లాంటి ప్రొవిజనింగ్ టూల్స్ అసలు నెట్‌వర్క్ ఫస్ట్ ఉంటుందనే నమ్మకంతోనే పనిచేస్తాయి. ఇంకోటి, డిస్క్ ఫస్ట్ పెట్టాక గ్రబ్ (ఓఎస్‌ని లేపే బూట్‌లోడర్) పాడైతే మెషీన్ రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గరే ఆగిపోతుంది, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ దృష్టిలో బూట్ అయిపోయినట్టే కాబట్టి నెట్‌వర్క్ దాకా రాదు. వందల సర్వర్లుంటే ఒక్కోదాని బీఎమ్‌సీలోకి (సర్వర్‌ని దూరం నుంచి నడిపే చిన్న కంట్రోలర్) ఎవరు వెళ్తారు?

రాత్రిషిఫ్ట్:
పోర్టుల సంగతి ఒప్పుకుంటా, రేపే ఆపేస్తా. కానీ బీఎమ్‌సీలోకి చేత్తో వెళ్లక్కర్లేదు కదా, బీఎమ్‌సీతో మాట్లాడే రెడ్‌ఫిష్ ఏపీఐలో బూట్ సోర్స్ ఓవర్‌రైడ్‌ని ‘వన్స్’ (ఒక్కసారికే) అని పెట్టి టార్గెట్ పిక్సీ ఇస్తే స్క్రిప్ట్‌తోనే అయిపోతుంది. ఓఎస్ నుంచి చేయాలన్నా తర్వాతి ఒక్క బూట్‌కి ఎంట్రీ చెప్పే బూట్‌నెక్స్ట్ అనే వేరియబుల్ ఉంది, ఫర్మ్‌వేర్ ఆ వేరియబుల్‌ని చదివి ఆ ఎంట్రీకి పంపే ముందే చెరిపేస్తుంది, అది ఫెయిలైనా తర్వాతి రీబూట్‌లో మామూలు ఆర్డరే. నా భయం ఏంటంటే పాత కంపెనీలో ఒక డేటాబేస్ మెషీన్‌ని కెర్నల్ ప్యాచ్ వేసి రీబూట్ చేశాం, ప్రొవిజనింగ్ రికార్డులో దానికి ఎప్పటిదో ‘ఇన్‌స్టాల్ చేయాలి’ అన్న గుర్తు అలాగే ఉండిపోయింది, పిక్సీ ఫస్ట్ కాబట్టి నేరుగా ఇన్‌స్టాలర్ లేచి డిస్క్ తుడిచేసింది. బ్యాకప్ ఉంది కాబట్టి తెల్లారేసరికి బయటపడ్డాం. రీబూట్ కొడితే రీబూటే అవ్వాలి అన్నా, డేటా పోకూడదు. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

కన్సోల్‌కేబుల్:
వన్స్ వాడేవాళ్లు ఐపీఎమ్ఐతో (రెడ్‌ఫిష్ కంటే పాత బీఎమ్‌సీ పద్ధతి) జాగ్రత్త. స్పెక్ ప్రకారం బూట్ ఫ్లాగ్ పెట్టాక 60 సెకన్లలోపు పవర్ సైకిల్ లాంటి ఛాసిస్ కమాండ్ రాకపోతే, వద్దని ప్రత్యేకంగా చెప్తే తప్ప ఆ ఫ్లాగ్ చెల్లదు. ఫ్లాగ్ పెట్టి, ఓఎస్‌లో నెమ్మదిగా సర్వీసులన్నీ ఆపి అప్పుడు రీబూట్ కొడితే డిస్క్ నుంచే లేస్తుంది, కమాండ్ పనిచేయలేదని మళ్లీ మళ్లీ కొడతారు. ఐపీఎమ్ఐటూల్‌లో ఎఫీబూట్ ఆప్షన్ ఇవ్వకపోతే ఆ ఫ్లాగ్‌కి అర్థం లెగసీ (పాత బయోస్ పద్ధతి) బూట్ అని, అదీ మర్చిపోవద్దు.

మిర్రర్‌డిస్క్:
డిస్క్ ఫస్ట్ అనేవాళ్లని ఒకటి అడుగుతా, రెండో డిస్క్ నుంచి ఎప్పుడైనా బూట్ చేసి చూశారా? సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో డేటా రెండు డిస్కుల్లోనూ ఉంటుంది సరే, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ చాలాసార్లు మొదటి దాంట్లోనే ఉంటుంది. మొదటి డిస్క్ చచ్చిన రోజు డేటా భద్రం, మెషీన్ మాత్రం లేవదు. రెండో దాంట్లో కూడా ఆ పార్టిషన్ పెట్టి, ఫైళ్లు కాపీ చేసి, దానికి విడిగా బూట్ ఎంట్రీ రాయాలి, గ్రబ్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ కాపీ కూడా తాజా చేయాలి.

ప్రొవిజన్‌పక్షం:
ఇది నిజం, మాకూ తగిలింది. రాత్రిషిఫ్ట్ అన్నా, డేటా ఉన్న మెషీన్లకి నీ మాటే కరెక్ట్, మా వాటిలో డిస్క్ తుడిచినా పోయేదేం లేదు కాబట్టి నాకు ఆ భయం తెలియలేదు. కానీ ఏదైనా మొదటి రోజే తేల్చుకోండి. బూట్ ఆర్డర్ టీపీఎమ్ అనే సెక్యూరిటీ చిప్‌లో పీసీఆర్ 1 అనే రిజిస్టర్‌లోకి కొలతగా వెళ్తుంది, డిస్క్ ఎన్‌క్రిప్షన్ కీని దానికి కట్టి ఉంటే తర్వాత ఆర్డర్ మార్చిన రోజు మెషీన్ పాస్‌ఫ్రేజ్ అడుగుతూ కూర్చుంటుంది. ఒక్క పీసీఆర్ 7కే కడితే ఈ బాధ లేదు, అది సెక్యూర్ బూట్ స్థితిని చూస్తుంది.

రాత్రిషిఫ్ట్:
మావి 7కే కట్టి ఉన్నాయి. డేటాబేస్, స్టోరేజ్ మెషీన్లకి డిస్క్ ఫస్ట్, కంప్యూట్ నోడ్‌లకి పిక్సీ, ఇలా టీమ్‌లో అడుగుతా. మిర్రర్‌డిస్క్ గారూ, మీరు అడిగింది మేం ఎప్పుడూ చేయలేదు, ఈ మెయింటెనెన్స్ విండోలో మొదటి డిస్క్ పీకి చూస్తాం.

మిర్రర్‌డిస్క్:
పీకే ముందు బూట్ ఎంట్రీలు చూపించే ఎఫీబూట్‌మేనేజర్ (efibootmgr) కమాండ్ అవుట్‌పుట్ మొత్తం కాపీ చేసి పక్కన పెట్టుకోండి. కొన్ని ఫర్మ్‌వేర్లు కనపడని డిస్క్ ఎంట్రీని తీసేస్తాయి, డిస్క్ తిరిగి పెట్టినా అది రాదు.