కేపాప్‌లో (కొరియన్ పాప్‌లో) నిజమైన రాక్ కావాలి, ఎవరిని వినాలి?
2017లో డ్రీమ్‌క్యాచర్ అనే గర్ల్ గ్రూప్ మెటల్ గిటార్లతో వచ్చినప్పటి నుంచి నాకు ఇలాంటి కేపాపే ఎక్కుతోంది, మామూలు డ్యాన్స్ పాటలు రెండోసారి వినబుద్ధి కావట్లేదు. డే6, ఎక్స్‌డినరీ హీరోస్ సొంతంగా వాయించే బ్యాండ్లు కాబట్టి వాళ్ల కమ్‌బ్యాక్ (కొత్త పాటల విడుదల) అంటే నాకు టెన్షన్ లేదు. చిక్కంతా పాడుతూ డ్యాన్స్ చేసే ఐడల్ గ్రూపులతోనే. 2021లో టీఎక్స్‌టీ, 2022లో జీ ఐడిల్ ఏకంగా టైటిల్ పాటల్లోనే (ఆల్బమ్‌లోని ముఖ్యమైన పాటల్లోనే) రాక్ దించారు గానీ, చాలామంది ఆల్బమ్‌కి ముందు వదిలే కాన్సెప్ట్ ఫొటోల్లో లెదర్ జాకెట్లు వేసి గిటార్ పట్టుకుంటారు, తీరా పాట వచ్చాక చూస్తే గిటార్ పోపులో ఆవగింజంత. హైలైట్ మెడ్లీ (ఆల్బమ్ పాటల ముక్కలు కలిపి ముందే వదిలేది) విని ముందే పసిగట్టొచ్చా, లేక క్రెడిట్స్‌లో గిటార్ ఎవరు వాయించారో చూడాలా? బీ-సైడ్స్‌లో (టైటిల్ కాని మిగతా పాటల్లో) ప్రయోగాలు చేసే, పెద్దగా పేరు రాని గ్రూపులు తెలిస్తే చెప్పండి. బ్యాలడ్లు మాత్రం వద్దు బాబోయ్!