శాఖా గ్రంథాలయంలో అచ్చు చదవలేనివారికి ముందు ఏం పెట్టాలి?

లంకగట్టు
కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయం అండి. విండోస్ 10 కంప్యూటరు, పాత స్కానరు, నెట్ ఉన్నాయి. పూర్తిగా చూపు లేనివారు ముగ్గురు, షుగరు వల్లో శుక్లాల వల్లో చూపు మందగించిన పెద్దవాళ్లు పది పన్నెండు మంది వస్తున్నారు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లాడు ఒకడున్నాడు. బ్రెయిల్ పుస్తకాలు తెప్పించమని కొందరు, చదివిపెట్టే మిషను కొనమని కొందరు అంటున్నారు. చేతిలో ఉన్నది పదిహేను వేలు. కంప్యూటర్లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేరు వేస్తే ఇంగ్లీషు చదువుతోంది, తెలుగు రాగానే నోరు మెదపదు. దాతలిచ్చిన తెలుగు పీడీఎఫ్‌లు పెడితే ఏదో గొణుగుతోంది. ఎక్కడ మొదలెట్టమంటారు?

అచ్చుపని
మిషను జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది గొంతు. విండోస్ 10లో ఎన్‌వీడీఏ మామూలుగా విండోస్ గొంతులనే వాడుతుంది. వాటిలో తెలుగు లేకపోతే మౌనమే. ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ మూడూ కలిపి నొక్కితే సింథసైజర్ల, అంటే అక్షరాన్ని మాటగా పలికే ప్రోగ్రాముల, జాబితా వస్తుంది. ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకుని, వాయిస్ సెట్టింగుల్లో తెలుగు పెట్టండి. మరబొమ్మ మాట్లాడినట్టు ఉంటుంది కానీ రెండు మూడు రోజుల్లో చెవికి అలవాటవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ తెలుగు గొంతు దీనికన్నా వినసొంపు. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగుల్లోకి వెళ్లి వాయిస్ డేటా ముందే దింపి ఉంచితే నెట్ లేనప్పుడూ పలుకుతుంది.

రెండోది అసలు రోగం. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడితే అది అను, శ్రీలిపి లాంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది. కంటికి తెలుగే, కంప్యూటరుకి కాదు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా దాన్ని నేరుగా చదవలేదు. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌లలో కూడా ఒత్తులు చోటు మారిపోతుంటాయి. అందుకే దాతని పీడీఎఫ్ అడక్కండి, డీటీపీ చేసినవారి దగ్గర ఉన్న అసలు ఫైలు అడగండి. పాత ఫాంటుదైనా సరే, దాన్ని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.

అదీ దొరక్కపోతే స్కానింగే. 300 డీపీఐ, గ్రే. పాత న్యూస్‌ప్రింట్ పుస్తకమైతే పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి, అవతలి వైపు అక్షరాలు తొంగిచూడటం తగ్గుతుంది. గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వచ్చేస్తాయి. ఆ తర్వాతే అసలు చాకిరీ. ప-వ, మ-య, ధ-థ తారుమారవుతాయి, సున్న కాస్తా అంకె సున్నా అవుతుంది. పేజీ నంబరు వాక్యం మధ్యలో వచ్చి కూర్చుంటుంది. తెలుగు పుస్తకాల్లో పంక్తి చివర మాటని గీత లేకుండానే విరిచేస్తారు కదా, దాన్ని కలపకపోతే గొంతు రెండు ముక్కలుగా పలుకుతుంది. చివరగా, అధ్యాయాల పేర్లకి వర్డ్‌లో హెడ్డింగ్ 1 పెట్టండి. అప్పుడు అచ్చు చదవలేనివారి పుస్తకాలకోసం పనిచేసే డైసీ కన్సార్షియం వాళ్ల ఉచిత వర్డ్‌టుఈపబ్‌తో ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) చేస్తే పాఠకులు ఒక అధ్యాయం నుంచి ఇంకోదానికి దూకగలరు. ఈ పని మానేస్తే 300 పేజీల్లో ఎక్కడ ఆపారో వెతుక్కోవడమే సరిపోతుంది.

చట్టంసంగతి
పై పనికి అనుమతి ఉందా అంటే, ఉంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 52(1)(జెడ్‌బీ) చేర్చారు. వైకల్యం ఉన్నవారికోసం, లాభం చూసుకోకుండా, చదవగలిగే రూపంలోకి మార్చవచ్చు. ఆ ప్రతి వాళ్ల చేతికే వెళ్లాలి, వాట్సాప్ గ్రూపులో పడకూడదు. ఎవరికి ఏది ఇచ్చారో రిజిస్టరులో రాయండి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే ఈ గొడవే లేదు. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1946లో పోయారు, 2007 నుంచి ఆయన రచనలు అందరివీ. చూపు పోయినా చెప్పి రాయించిన మనిషి. మన గోదారి జిల్లాల్లో ఆయనతో మొదలెట్టడం బాగుంటుందని నా మాట.

కొత్తగా చేసే ముందు, అచ్చు చదవలేనివారికోసం ఉన్న ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో వెతకండి, ఎవరో ఇప్పటికే చేసి ఉండొచ్చు. 2016లో వచ్చింది. నమోదుకి సదరం వైకల్య సర్టిఫికెట్ గానీ యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు గానీ స్కాన్ చేసి ఉంచుకోండి. ఆ పిల్లాడికీ దారి ఉంది, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్‌లెక్సియా కూడా చేరింది.

పెద్దక్షరం
అందరూ చూపు లేని ముగ్గురి గురించే చెప్తున్నారు, ఆ పన్నెండు మందిని వదిలేశారు! వాళ్లకి కావాల్సింది 18 పాయింట్ అచ్చు. జెరాక్సు షాపులో 141 శాతం అంటే చాలు, డెమ్మీ సైజు పేజీ దాదాపు ఏ4 నిండా వస్తుంది, 12 పాయింట్ 17 అవుతుంది. పేజీల సంఖ్య పెరగదు కూడా. మెరిసే కాగితం వద్దు, లైటు కంట్లో కొడుతుంది. స్పైరల్ బైండు చేయించండి, బల్లమీద పరిచినట్టు ఉంటుంది. యూనికోడ్ ఫైలు ఉంటే 18 పాయింట్‌లో మీరే ప్రింటు తీసుకోండి, కానీ పంక్తుల మధ్య ఒకటిన్నర వంతు చోటు వదలండి. లేదంటే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి.

రెండు స్టాండు భూతద్దాలు, పక్కనుంచి వెలుగు పడే టేబుల్ లైటు కొనండి. భూతద్దం ఎంత పెద్దగా చూపిస్తే ఒకసారికి అన్ని తక్కువ అక్షరాలు కనిపిస్తాయి, కాబట్టి మూడింతలు చాలు. మించినది కొంటే మూల పడుతుంది.

బ్రెయిల్ మాటకొస్తే, ఆ ముగ్గురిలో ఎవరికి వచ్చో ముందు అడగండి. పెద్దయ్యాక చూపు పోయినవారిలో చాలామందికి రాదు. వచ్చినవారికోసం తెప్పిస్తే పుస్తకాలు నిలువుగా నిలబెట్టండి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే చుక్కలు అణిగిపోతాయి. మన తేమకి కాగితం మెత్తబడి ఇంకా తొందరగా అణుగుతాయి. గోడకి ఆనించిన అర అసలు వద్దు.

లంకగట్టు
ఈస్పీక్‌కి మార్చగానే తెలుగు పలికిందండీ. కంప్యూటరు దాకా రాలేని ఒకాయన మామూలు ఎంపీ3 ప్లేయరు వాడతారు. ఆయనకి మనిషి గొంతుతో రికార్డు చేసి ఇస్తే?

అచ్చుపని
మోనో, 64 కేబీపీఎస్ చాలు, గంటకి 29 ఎంబీ దాటదు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, రేకుల షెడ్డయితే వానలో కుదరదు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. పేర్లు తెలుగులో పెట్టకండి, చవక ప్లేయర్లు వాటిని డబ్బాలుగా చూపిస్తాయి. 1, 2 అని కాక 01, 02 అని పెట్టండి, లేకపోతే ఒకటి తర్వాత పదో అధ్యాయం మోగుతుంది. ప్రతి ఫైలు మొదట్లో పుస్తకం పేరు, అధ్యాయం నోటితో చెప్పించండి, తెర చూడలేనివారికి అదే అట్ట.