ఈ మతీస్ లితోగ్రాఫ్ అసలుదేనా, ఎలా తేల్చుకోవాలి?

ప్యారిస్‌లో పాత సామాన్ల సంతలో ఒకావిడ బొమ్మ కొన్నాను, గడ్డం కింద చెయ్యి ఆనించుకుని ఎటో చూస్తుంటుంది, నాలుగైదు గీతల్లోనే ఆ మొహంలోని అలసటంతా దించేశాడు, ఎంతసేపు చూసినా తనివి తీరట్లేదు. 1920లలో ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మతీస్ ఫ్రాన్స్‌లోని నీస్ ఊళ్లో ఉన్నప్పుడు వేసిన లితోగ్రాఫ్ (రాయి మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మ) అని అమ్మినాయన చెప్పాడు. కింద పెన్సిల్ సంతకం, 14/50 అని నంబరు (అంటే యాభై ప్రతుల్లో పద్నాలుగోది) ఉన్నాయి. భూతద్దంతో చూస్తే ఆఫ్‌సెట్ అచ్చులో (ఇప్పటి పుస్తకాలు, పోస్టర్లు వేసే యంత్రం అచ్చు) ఉండే వరస చుక్కలు లేవు, రాయి మీద క్రేయాన్‌తో గీసినట్టు గరుకుగానే ఉంది. కానీ సంతకం తర్వాత ఇంకెవరైనా పెట్టి ఉండొచ్చు కదా, అదే నా టెన్షన్.

మతీస్ కూతురు మార్గరీట్, మనవడు క్లోద్ 1983లో తెచ్చిన ప్రింట్ల కేటలాగ్ ఎవరైనా వాడారా? అందులో కొలతలు, ఎన్ని ప్రతులు తీశారన్నది ఎలా పోల్చుకోవాలో కాస్త చెప్పండి. ఇంకొకటి, వెనక అట్ట వల్ల కాగితం అంచులు గోధుమరంగుకి తిరిగాయి, ఫ్రేమ్ నేనే విప్పొచ్చా, లేక కాగితం బాగుచేసేవాళ్లకే ఇవ్వాలా?