నిద్రమాత్ర ఏళ్ల తరబడి వాడవచ్చా, నాలుగు వారాలకే ఆపాలా?

తలగడ:
మా అత్తగారికి డెబ్బై దాటాయి. మామగారు పోయిన తర్వాత కంటి మీద కునుకు లేక అల్లాడుతుంటే డాక్టరు జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర 10 మిల్లీగ్రాములు రాశారు, రెండు వారాలకని. ఆ చీటీతోనే మూడో ఏడు నడుస్తోంది. "అమ్మ హాయిగా పడుకుంటోంది, ఎందుకు కెలకడం" అంటారు మా వారు. డల్లాస్‌లో ఉన్న ఆడపడుచు ఈ రాత్రి నుంచే ఆపేయమంటుంది. నాలుగు వారాలు మించి వాడకూడదట. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

మొన్న అర్ధరాత్రి వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. స్టవ్ వెలిగించి, దాని మీద ఖాళీ గిన్నె పెట్టి, కళ్లు తెరుచుకునే నిలబడి ఉన్నారు. పిలిస్తే "పాలు" అన్నారు. తెల్లవారి అడిగితే "నేనెప్పుడు లేచాను?" అని నన్నే ఎదురు అడిగారు. ఇది వయసు మతిమరుపా, మాత్ర పనా? అసలు ఎన్నాళ్లు వాడవచ్చో తెలిసినవారు చెప్పండి.

పాతకౌంటరు:
ముందు ఆ మందుల షాపును నిలదీయాలి. నేను అదే పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. జోల్పిడెమ్ షెడ్యూల్ హెచ్-1 మందు, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో మరింత కట్టుదిట్టమైన జాబితాలోది. 2014 మార్చి నుంచి ఈ జాబితాలోది ఏది అమ్మినా డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామో విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. రెండు వారాల చీటీ మీద మూడేళ్లుగా ఇస్తున్నారంటే ఆ రిజిస్టరులో ఏం రాస్తున్నారో మరి! చాలాచోట్ల చీటీ కూడా అడగరు. ఖాళీ స్ట్రిప్పు చూపించి "ఇదే ఇవ్వండి" అంటే చేతిలో పడుతుంది. మందు మంచిదా చెడ్డదా అని మనం తగవులాడుకుంటున్నాం గాని, ఈ మూడేళ్లలో ఆవిడను ఏ డాక్టరూ చూడలేదు. నా గొడవ అదీ.

మాత్రాకాలం:
పాతకౌంటరు గారి మాటకు ఎదురు లేదు. నా పేచీ "నాలుగు వారాలు" అనే గీతతోనే. నేను ఏళ్లుగా 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్తాను, చూసిన తర్వాతే కొత్త చీటీ రాస్తారు. తెల్లవార్లూ మంచం మీద దొర్లి, ఎర్రబడిన కళ్లతో హైవే మీద కారు నడిపే మనిషి మాత్రం క్షేమంగా ఉన్నాడా? యూరప్ వైద్యుల మార్గదర్శకాలు నాలుగు వారాలంటాయి, నిజమే. అయితే 29వ రోజున మాత్ర విషమైపోదు కదా. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎస్‌జోపిక్లోన్ అనే ఇంకో నిద్రమాత్రకు అనుమతి ఇచ్చినప్పుడు కొద్దికాలానికే అనే షరతు పెట్టలేదు. ఆరు నెలలు వాడించి చూసిన పరీక్ష దాని ముందుంది. బీపీ మాత్ర జన్మంతా మింగితే ఎవరూ నోరెత్తరు, నిద్రమాత్ర అనగానే ప్రతివారూ యోగా గురువులైపోతారు.

రాత్రిడ్యూటీ:
హ్యూస్టన్‌లో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. తలగడ గారూ, ఎన్నాళ్లు అనే ప్రశ్న తర్వాత. ముందు ఆ స్టవ్ సంగతి చూడాలి. నిద్రలోనే లేచి నడవడం, వండటం, కారు నడపడం ఈ మందులతో జరుగుతాయి, తెల్లవారితే గుర్తుండదు. 26 ఏళ్లలో తన దృష్టికి వచ్చిన 66 తీవ్రమైన ఘటనలను, అందులో 20 మరణాలను చూసి ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో జోల్పిడెమ్, ఎస్‌జోపిక్లోన్, జాలెప్లాన్ అనే మూడు నిద్రమాత్రల మీదా అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. అరుదైనదే, కాదనను. కానీ ఒక్కసారి ఇలా జరిగినవారికి ఆ మందు మళ్లీ ఇవ్వకూడదని అందులోనే ఉంది.

పైగా 10 ఆవిడకు ఎక్కువ. ఆడవారి ఒంట్లోంచి ఈ మందు నెమ్మదిగా పోతుంది, ఉదయానికి కూడా రక్తంలో మిగిలి ఉంటోంది. అందుకే 2013లో ఆడవారి డోసును 10 నుంచి 5కు తగ్గించారు. వయసు మళ్లినవారికి ఆడైనా మగైనా 5 మాత్రమే. అసలు 65 దాటితే వీలైనంతవరకు వద్దని అమెరికా వృద్ధవైద్యుల సంఘం ప్రచురించే బీర్స్ జాబితా అంటుంది. వాళ్ల భయం తూలి పడటం, తుంటి విరగడం.

ఇవాళే డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ రాత్రి మాత్ర సంగతి ఆయన నోటే వినండి. ఈలోగా పడుకునే ముందు గ్యాస్ రెగ్యులేటరు కట్టేయండి. ఆవిడ గదిలో ఎవరైనా పడుకోండి.

మంజీర:
ఉన్నట్టుండి ఆపడమంటే నాకు భయం. మా తెలంగాణలో కల్తీ కల్లు సంగతి అందరికీ తెలుసు. అందులో ఆల్ప్రాజోలం, డయాజిపాం అనే మత్తుమందులు కలుపుతారు. దాడులు జరిగి ఆ కల్లు దొరకకుండా పోయినప్పుడు చేతులు వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ, ఫిట్స్‌తో జనం ప్రభుత్వాసుపత్రులకు చేరారు. వాళ్ల ఒళ్లు వెతుక్కున్నది కల్లును కాదు, అందులోని మందును. డల్లాస్ ఆడపడుచు గారికి ఎవరైనా ఈ మాట చెప్పండి.

రాత్రిడ్యూటీ:
మంజీర గారూ, రెంటికీ తేడా ఉంది. ఆల్ప్రాజోలం, డయాజిపాం బెంజోడయజెపైన్లు అనే మందుల కుటుంబానివి. జోల్పిడెమ్ ఆ కుటుంబం కాదు, కానీ మెదడును నెమ్మదింపజేసే అవే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. మామూలు డోసు మానినప్పుడు ఎక్కువమందికి కొన్ని రాత్రులు మునుపటికంటే ఘోరంగా నిద్ర పట్టదు, అంతే. అది చూసి "మాత్ర లేనిదే నాకు నిద్ర రాదు" అని తీర్మానించుకుని మళ్లీ మొదలుపెడతారు. పెద్ద డోసులు చాలాకాలం మింగినవారికి మానగానే ఫిట్స్ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే మామూలుగా మెల్లగా తగ్గిస్తారు. నిద్రలో నడిచినవారికి మాత్రం వెంటనే ఆపమంటారు. ఈవిడ విషయంలో రెండూ ఎదురుపడ్డాయి. తేల్చాల్సింది డాక్టరే, మనమూ కాదు, ఆడపడుచూ కాదు.

గోదారిగట్టు:
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కరూ అడగలేదు. ఆవిడ మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు? ఎన్నింటికి లేస్తారు?

తలగడ:
ఏడున్నరకు భోజనం కాగానే మాత్ర. సీరియల్ చూస్తూ కుర్చీలోనే జోగుతారు. ఎనిమిదిన్నరకు మంచం ఎక్కుతారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ. "రాత్రంతా నిద్రే లేదు" అంటారు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటారు.

గోదారిగట్టు:
అనుకున్నాను. ఎనిమిదిన్నర నుంచి మూడు దాకా ఆరున్నర గంటలు, మధ్యాహ్నం రెండు. ఎనిమిదిన్నర గంటలు నిద్రపోయే మనిషికి నిద్రమాత్ర! మందు వల్లే అంత నిద్ర అంటారేమో, కావచ్చు. కానీ మూడింటికి లేవడం రోగమేమీ కాదు, ఎనిమిదిన్నరకే పడుకుంటే ఎవరైనా లేస్తారు. పైగా ఈ మాత్ర కడుపునిండా తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. వేసుకోగానే మంచం ఎక్కాలి, ఆ తర్వాత ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి. మత్తు ఎక్కుతుంటే కుర్చీలో కూర్చుని, ఆపైన లేచి నడవడమంటే పడిపోవడానికి దారి చూపడమే.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో దీర్ఘకాలిక నిద్రలేమికి ముందు మాత్ర కాదు, అలవాట్లు మార్చే చికిత్స మొదలుపెట్టమంది. సీబీటీ-ఐ అంటారు. నిద్ర ఎంత వస్తుందో అంతసేపే మంచం మీద ఉండటం, రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం, మధ్యాహ్నపు నిద్రకు కోత, ఏ రాత్రి ఎలా గడిచినా ఒకే వేళకు లేవడం. మొదట్లో పగలంతా కళ్లు మూతలు పడతాయి, ఓర్చుకోవాలి. పెద్దవయసువారికి ఆ కోత మెల్లగా పెట్టాలి.

మాత్రాకాలం:
బాగుంది. మన ఊళ్లలో ఆ చికిత్స చేసేవారిని చూపించండి, రేపే వెళ్తాను. దొరికినా వారానికోసారి వెళ్లి ఫీజు కట్టాలి. మాత్ర ఏ వీధి చివరైనా దొరుకుతుంది.

గోదారిగట్టు:
దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఎక్కడ మొదలుపెట్టాలో అడగవచ్చు. అయితే ప్రతిదానికీ నిపుణుడే రావాలని లేదు. కెనడాలోని క్యూబెక్‌లో బెంజోడయజెపైన్లు వాడుతున్న వృద్ధులకు ఒక చిన్న పుస్తకం పంపారు. ఈ మందుతో ప్రమాదమేమిటి, ఎలా మెల్లగా తగ్గించాలి అని అందులో ఉంది. ఆరు నెలలకు పుస్తకం అందినవారిలో 27 శాతం పూర్తిగా మానేశారు. అందనివారిలో 5 శాతం. 2014లో ప్రచురించారు.

మాత్రాకాలం:
అంటే చదివినవారిలోనూ 73 శాతం మానలేదు.

తలగడ:
డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాం. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచీలో వేసుకుని రమ్మన్నారు. అందులోంచి ఇంకో డాక్టరు తలతిరుగుడుకు రాసిన క్లోనజెపామ్ (అదీ బెంజోడయజెపైనేనట) బయటపడింది, అదీ రోజూ రాత్రే వేసుకుంటున్నారట. మా వారి ముఖం చూడాలి. జోల్పిడెమ్ ఇక వద్దే వద్దన్నారు. క్లోనజెపామ్‌ను మాత్రం ఉన్నట్టుండి ఆపవద్దని, వారాల మీద ఎలా తగ్గించాలో కాగితం మీద రాసిచ్చారు. గురక పెడతారా అనీ అడిగారు. పెడతారు. దానికి నిద్ర పరీక్ష చేయించమన్నారు, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మత్తుమందులు ఇంకా చేటట.

మంజీర:
చూశారా, ఆపమన్నవారి మాటా నిలిచింది, ఆపవద్దన్న నా మాటా నిలిచింది.

పాతకౌంటరు:
మిగిలిన జోల్పిడెమ్ స్ట్రిప్పులను ఇంట్లో ఉంచకండి. "మా ఇంట్లో ఉన్నాయి, ఒకటి వేసుకో వదినా" అనేవారికి మన దగ్గర కొదవ లేదు. మాత్రాకాలం గారూ, మీ 5 మిల్లీగ్రాములకు నా అభ్యంతరమేమీ లేదు. మూడు నెలలకోసారి కొత్త చీటీ తెచ్చేవారు నా కౌంటరుకు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే వచ్చేవారు. అడగాల్సింది ఒకటే, మాత్ర వేసుకునే రాత్రి మద్యం ముట్టరు కదా?

మాత్రాకాలం:
పెళ్లిళ్లలో ముట్టుకుంటాను. ఆ రాత్రి మాత్ర ఉండదు, నిద్రా ఉండదు. మీ నాలుగు వారాల గీతను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.